దడి వెనక జనరేటరు

కొబ్బరితోట గట్టు మీద, చేతిలో పూతరేకుల పళ్ళెంతో ఆశాజ్యోతిని నిలబెట్టి, పోయినవారం మనం ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి గాలిని వాసన చూస్తోంది. వచ్చేది డీజిలు వాసన. రాకూడని చోట, రాకూడని రోజున వస్తున్న వాసన.

కొత్తగా చదివేవారికి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. రాజమండ్రిలో పాయకట్టు నాటక సమాజమని ఒకటుంది. వీరాస్వామి మాస్టారు చర్చి బడిలో తెలుగు చెప్పే రోజుల్లో పెట్టిన సమాజం అది. ఆశాజ్యోతి ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. పర్యావరణంలో ఎమ్మెస్సీ చేసి, కాలేజీలో ఉన్న ఉద్యోగం కాస్తా మానేసి మరీ ఆయన సమాజంలో చేరింది. ఆమె పనేంటయ్యా అంటే పొగలెక్కలు. నాటకం ఆడాలంటే వ్యాను తిరగాలి, దీపాలు వెలగాలి, మైకు మోగాలి, ఊరంతా ఫ్లెక్సీలు కట్టాలి, జనం బళ్ళేసుకుని రావాలి. వీటన్నిటివల్లా గాలిలోకి ఎంత కర్బనం పోతోందో లెక్కగట్టాలి. ఏడాదికేడాదీ దాన్ని తగ్గించాలి. ఆఖర్న నివేదిక రాసి సంతకం పెట్టి, సమాజానికి ఆసరాగా ఉన్న బెంగళూరు ట్రస్టుకి పంపాలి.

ఆ నివేదికలో తలమానికంలాంటి మాట ఒకటుంది. ఏడాది పొడుగునా ఏ ఒక్క ప్రదర్శనకీ జనరేటరు వాడలేదు అని. ఆ మాట కళ్ళారా చూసి పోదామని ట్రస్టు తరఫున హెలెన్ మేడమ్ ఇవాళ ద్రాక్షారామం దగ్గర ఈ ఊరికి వచ్చింది. సాయంత్రం నాటకం చూసి ఆమె సరేనందంటే, కోనసీమలోనూ, అటు నరసాపురం వైపూ ఉన్న చిన్నాచితకా సమాజాలన్నీ ఇదే పద్ధతి పట్టాలి. ఉన్న జనరేటర్లు వదిలించుకోవాలి. అందరూ ఆశాజ్యోతి సంతకాన్ని నమ్మి దిగుతారన్న మాట.

అలాంటి రోజున డీజిలు వాసన వస్తే ఊరుకుంటుందా? పళ్ళెం గట్టు మీద పెట్టేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, బోదెకాలవ దాటి తోటలోకి దిగింది.

"అమ్మాయిగారూ, అటు ఎందుకండీ. అటు పాములుంటాయండి," అని వెనకనుంచి కేక వినబడింది.

బుల్లిరాజుగారు. ఊళ్ళో పెద్దరైతు, ఇవాళ్టి నాటకానికి ఆయనే ఆతిథ్యం. పొద్దున సమాజం వ్యాను దిగింది మొదలు కాళ్ళకి నీళ్ళిచ్చిన దగ్గర్నుంచి విస్తట్లో రెండోసారి కొరమీను ముక్క వేయించిన దాకా మనిషి ఒక్కచోట కూర్చోలేదు. ఇప్పుడాయన పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొస్తున్నాడు. ఆ వయసులో ఆయన పరిగెత్తడం చూశాక పాముల మాట ఆశాజ్యోతి నమ్మలేదు. ఇంకా గబగబా నడిచింది.

తోట చివర కొబ్బరిమట్టలతో కొత్తగా అల్లిన దడి ఉంది. మట్టలింకా పచ్చగానే ఉన్నాయి. పశువులకి కట్టిందేమో అనుకోవడానికి లోపల పశువు వాసన లేదు. ఆమె మట్ట పక్కకి లాగి తల దూర్చింది.

లోపల గేదె అంత జనరేటరు ఉంది. దానిచుట్టూ ఇసకబస్తాలు పేర్చి, పైన తడిపిన గోనెపట్టాలు కప్పి, పొగగొట్టాన్ని గోతిలోకి వంచి పెట్టారు. చప్పుడు బయటికి రాకూడదని ఎంత కష్టపడ్డారో చూస్తేనే తెలుస్తోంది. ఆశాజ్యోతి తల బయటికి తీసింది. దడి పట్టుకుని నిలబడింది.

"ఇదేంటండీ?" అంది.

"ఏదండీ?" అన్నాడు బుల్లిరాజుగారు, వగరుస్తూ వచ్చి పక్కన నిలబడి.

"ఇదండీ."

"ఆయ్, ఇదాండీ. జనరేటరండి."

ఆయన మొహంలో దొంగతనం చేసినవాడి భయం ఎక్కడా లేదు. పెళ్ళివారికి తెలియకుండా దాచిన కానుక ముందే బయటపడిపోయినప్పుడు మనిషి ఎలా నొచ్చుకుంటాడో, అలా నొచ్చుకున్నాడు.

"ఇందాకే ఒకసారి ట్రయల్ వేసి చూశాం, ఆ వాసనే మిమ్మల్ని ఇటు లాక్కొచ్చినట్టుంది. నేను చెబుతానే ఉన్నానండి మావోళ్ళకి, గాలి తోటలోంచి అటే కొడతాదిరా అని. విన్నారు కాదు."

"మేం జనరేటరు వాడమని మీకు చెప్పాం కదండీ. మీ ఇంట్లో కూర్చుని నేనే చెప్పాను. మీరు సరేనన్నారు."

"అన్నానండి. ఎందుకనలేదు."

"మరి?"

బుల్లిరాజుగారు గోనెపట్టా ఒకటి సరిచేశాడు. "చూడండి అమ్మాయిగారూ. కరెంటోళ్ళని నమ్ముకుని కళాకారుల్ని ఊళ్ళోకి పిలుస్తామాండీ? వీరాస్వామి మాస్టారంతటి మనిషి మొహానికి రంగేసుకుని నిలబడితే, ఆడతా ఆడతా ఉండగా టప్పుమని దీపాలారిపోతే ఎవరి పరువండీ పోయేది? మీది పోదు. మాది పోద్ది. చుట్టుపక్కల ఊళ్ళు ఏడాదిపాటు చెప్పుకుని నవ్వుతాయి. అందుకని రొయ్యల చెరువు దగ్గర, నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లకి పెట్టుకున్నది ఈ పూటకి ఇటు తెచ్చాం. మా ఆవిడ రత్నమాణిక్యం రొయ్యలు చస్తాయని గోల పెడతానే ఉంది. చస్తే చచ్చాయన్నాను."

"మాకు ఒక్క మాట చెప్పాల్సిందండీ."

"చెబితే మీరు వద్దంటారు కదండీ. వద్దన్నాక పెడితే మీ మాట కాదన్నట్టు అవుద్ది. చెప్పకుండా పెట్టామనుకోండి, ఏ గొడవా లేదు. మీ మాటా నిలబడతాది, మా మర్యాదా నిలబడతాది. కరెంటు పోకపోతే దీని మొహం ఎవరూ చూడరు."

ఈ మాటకి ఏం జవాబు చెప్పాలో మీకేమైనా తోస్తోందా? ఆశాజ్యోతికి తోచలేదు. డీజిలు ఒక చుక్క కాలితే గాలిలో ఎంత కర్బనం చేరుతుందో పట్టికలన్నీ కంఠతా వచ్చిన పిల్ల, గోదావరి జిల్లా మర్యాదకి లెక్క ఎక్కడ రాయాలో తెలియక నోరు వెళ్ళబెట్టి నిలబడింది. కోపం వచ్చింది, కానీ ఆ మనిషిని చూస్తే తిట్టబుద్ధి కాలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈయనే కదా, "ఇంకో ముక్క వేసుకోండమ్మా" అని బతిమాలింది.

సరే, ఒక ఊరు పొరపాటు చేసింది. ఇవాళ దీన్ని ఆపించేస్తే సరిపోతుంది. నివేదిక జరిగిపోయిన ఏడాదిది కాబట్టి అందులో మాట నిజమే. అలా మనసు కూడగట్టుకుంటూ ఉండగా బుల్లిరాజుగారు ఇంకో మాట అన్నాడు. సరదాగానే అన్నాడు.

"అయినా మీరు కనిపెట్టేశారు కానండీ, మాదే అందరికంటే దూరంగా పెట్టింది. మీరు సంక్రాంతి ముందు ఆడిన ఊరుందా, వాళ్ళు ఇటుకబట్టీ వెనకాల పెట్టారంట. అంత దగ్గరగా పెడితే వినపడదాండీ? మేం వైరు రెండింతలు లాగాం."

ఆశాజ్యోతి ఆయనవైపు తిరిగింది. "ఏ ఊళ్ళో, ఎవరు పెట్టారండీ?"

"ఆయ్, అందరూ పెట్టినోళ్ళేనండి." ఆయనకి అప్పుడు అనుమానం తగిలింది. ఆమె మొహంలోకి పరకాయించి చూశాడు. "మీకు తెలీదాండీ? నిజంగానా? అయ్యో, మీకు తెలీనట్టు నటిస్తారని చెప్పారే."

"ఎవరు చెప్పారు?"

"అది మాత్రం అడక్కండమ్మా. మాటిచ్చాను."

ఎంత అడిగినా ఆయన నోరు విప్పలేదు. మాటిస్తే మాటే. కండువా తీసి నుదురు తుడుచుకుని, "రండమ్మా, మేడమ్‌గారు ఒక్కరే కూర్చున్నారు, బాగోదు" అంటూ ముందుకు నడిచాడు.

ఆశాజ్యోతి కదల్లేదు. ఫోను తీసి, ఇటుకబట్టీ ఉన్న ఊళ్ళో సాయిదుర్గకి చేసింది. డ్వాక్రా గ్రూపు లీడరు. ఆ ఊళ్ళో నాటకానికి అన్నీ తనే చూసుకుంది, అప్పట్నుంచీ ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలా మాట్లాడుకుంటారు.

"అక్కా, ఒక్కటడుగుతాను. మీ ఊళ్ళో ఆడినప్పుడు జనరేటరు పెట్టారా?"

 అవతల సాయిదుర్గ పకపకా నవ్వింది. "చెప్పేశారా నీకు? హమ్మయ్య. కడుపుబ్బిపోయి చచ్చాననుకో ఇన్నాళ్ళూ. మూడో రంగంలో కరెంటు పోయింది కదా, ఎంత గమ్మున అందుకుందో చూశావా? రెప్ప కొట్టేంతలో వెలిగిపోయాయి. నువ్వు పైకి చూసి, దేవుడికి దణ్ణం పెట్టుకున్నావు. మేం వెనకాల నవ్వలేక చచ్చాం. ఏమీ అనుకోకే, నీ మీద ప్రేమతోనే."

ఆశాజ్యోతి ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి బుర్రలో చోటు లేదు. "సరే అక్కా" అని ఫోను పెట్టేసింది.

అవును, దణ్ణం పెట్టుకుంది. గుర్తుంది. దీపాలు ఒక్కసారి రెపరెపలాడి నిలబడ్డాయి. ఓల్టేజీ తగ్గిందేమో, దేవుడు కాపాడాడు అనుకుంది. అక్కడ ఒక్కచోటే కాదు. సామర్లకోట దగ్గరా అలాగే, అన్నవరం దిగువనా అలాగే. ఒక్కసారి రెపరెపలాడి నిలబడటం. ఏడాదిలో ఏ ఊళ్ళోనూ నాటకం మధ్య కరెంటు పోలేదు. ఈ జిల్లాల్లో పుట్టి పెరిగిన మనిషికి అక్కడే అనుమానం రావద్దూ? రాలేదు. పైపెచ్చు తను రాసిన నివేదిక చివర్న, ప్రదర్శన వేళల్లో నిరంతరాయంగా సరఫరా ఇచ్చిన విద్యుత్ సిబ్బందికి హృదయపూర్వక ధన్యవాదాలు అని ఒక పేరా రాసింది. ఆ పేరా తలుచుకుంటే ఇప్పుడు చెవులు కాలిపోతున్నాయి.

సిగ్గు కాసేపట్లో పోయింది. దాని చోటులోకి భయం వచ్చి కూర్చుంది. ఎందుకంటే నరసాపురం వైపు చిన్న సమాజాలకి బుల్లిరాజులు లేరు. ఉప్పునేలల్లో, పల్లెపాలేల్లో, పేటల్లో ఆడుకునే వాళ్ళు వాళ్ళు. జనరేటరు తెచ్చి దాచిపెట్టే రైతు వాళ్ళకెక్కడ దొరుకుతాడు? ఆశాజ్యోతి రాసింది నిజమని నమ్మి ఉన్నది వదులుకుంటారు. మొదటి నాటకంలోనే చీకట్లో నిలబడతారు. జనం లేచిపోతారు. పాయకట్టు వాళ్ళకి సాధ్యమైంది మీకెందుకు కాలేదని ట్రస్టు వాళ్ళనే అడుగుతుంది. ఇదంతా ఒక అబద్ధం మీద. దాని కింద తన సంతకం.

ఎవరు చేశారిది?

కింద మట్టిలో కొత్తగా పూడ్చిన గీత కనిపించింది. వైరు దాచిన చాలు. ఆమె ఆ చాలు వెంట నడిచింది. తోట దాటి, గట్టు వెంబడి, బడి ప్రహరీ పక్కనుంచి వెళ్ళి అది వేదిక వెనక తేలింది. ఎండుగడ్డి కప్పి ఉంది. గడ్డి పక్కకి నెట్టింది. నల్లటి లావు కేబులు, వేదిక ఎడమపక్కన దీపాల బల్ల కిందికి పోతోంది. కదలకుండా దాన్ని గుంజలకి కట్టారు. కట్టింది తాడుతో కాదు, పాత గుడ్డపేలికలతో. ఆకుపచ్చ గుడ్డ మీద మామిడిపిందెల అచ్చు.

అది ఆమె చున్నీ. పెళ్ళికి ముందు కుట్టించుకుంది. చిరిగిపోతే, చర్చిలో పాతబట్టలు పోగు చేస్తున్నప్పుడు ఇచ్చేయమని మొగుడు శాంతికుమార్ చేతికిచ్చింది.

ఆశాజ్యోతి అక్కడే గడ్డి మీద కూలబడిపోయింది. ఒక్కో ముడీ చూసింది. రెండు మెలికలు వేసి కొస లోపలికి దోపడం శాంతికుమార్ పద్ధతి. ఇంట్లో దోమతెర కూడా అలాగే కడతాడు. సమాజంలో దీపాలు చూసేది శాంతికుమారే. కరెంటు పోయిన క్షణంలో జనరేటరు వైపు మీట తిప్పాల్సినవాడు దీపాల బల్ల దగ్గర కూర్చున్నవాడు కాక ఇంకెవడు? ఏడాదిగా తన కళ్ళముందు, తను దణ్ణం పెట్టుకుంటున్న ప్రతిసారీ, మీట మీద ఉన్న చెయ్యి తన మొగుడిదే. ఈ మాట ఆమెకి ఇంత ఆలస్యంగా ఎందుకు తట్టిందంటే, మొగుణ్ణి లెక్కల్లోకి తీసుకోవాలని ఏ భార్యకీ తోచదు గనక.

"నువ్విక్కడున్నావా? మాస్టారు నీకోసం అడుగుతున్నారు," అంటూ శాంతికుమార్ వేదిక వెనక్కి వచ్చాడు. చేతిలో రంగుకాగితం చుట్ట ఉంది. ఆమెని చూశాడు, ఆమె చేతిలో ఉన్న పేలిక చూశాడు. రంగుకాగితాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"ఎప్పట్నించి?" అంది ఆమె.

"ఆశా, నాటకం అయ్యాక మాట్లాడుకుందాం."

"ఎప్పట్నించండీ?"

అతను చుట్టూ చూసి, ఆమె పక్కనే గడ్డిలో గొంతుక్కూర్చున్నాడు. "ఈస్టరు ముందు నువ్వు ట్రస్టు ట్రైనింగని బెంగళూరు వెళ్ళావు చూడు. అప్పుడు మేం ముమ్మిడివరం అవతల ఆడాం. నువ్వు చెప్పినట్టే జనరేటరు లేకుండా. రెండో రంగంలో కరెంటు పోయింది. నువ్వు ఇచ్చిన బ్యాటరీ దీపాలు రెండూ వేశాం. మైకు లేకుండా గొంతెత్తి ఆడాలని నువ్వు నేర్పావుగా, అలాగే ఆడారు. జనం కూడా బాగానే ఉన్నారు. సంపూర్ణమ్మగారికి మాత్రం వేదిక అంచు కనబడలేదు."

"చర్చి మెట్ల మీద జారానన్నారావిడ."

"మేమే చెప్పమన్నాం."

 సంపూర్ణమ్మగారు సమాజంలో తల్లి వేషాలు వేసే పెద్దావిడ. చెయ్యి విరిగి కట్టు కట్టించుకుంటే ఆశాజ్యోతి బత్తాయిలు పట్టుకెళ్ళి చూసొచ్చింది. పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. చర్చి మెట్లకి పట్టీ వేయించమని పాస్టరుగారితో పోట్లాడింది కూడా. ఆ పెద్దావిడ దిండు మీద తలపెట్టుకుని, "వయసు మీద పడింది అమ్మా, కాలు నిలవలేదు" అంటూ తన తల నిమిరింది.

"నాకు చెప్పొచ్చుగా. తప్పు నాదని చెప్పొచ్చుగా. పద్ధతి మార్చేదాన్ని. మంచి బ్యాటరీలు కావాలని ట్రస్టునే అడిగేదాన్ని."

"నువ్వు బెంగళూరునుంచి ఎంత సంబరంగా వచ్చావో నీకు గుర్తుందా? మన సమాజం గురించి అక్కడ చెబితే అందరూ లేచి నిలబడ్డారని చెప్పి చెప్పి అన్నం కూడా తినలేదు. ఎలా చెప్పను? ఒక్క ఊరికి అనుకున్నాను. ఆ ఊరి పెద్దల్ని పక్కకి పిలిచి, మా ఆవిడకి తెలియకుండా ఒక జనరేటరు చూడండి బాబూ అన్నాను. వాళ్ళు ఎంత సంతోషపడ్డారో. తర్వాత ఊరు నేను అడక్కుండానే పెట్టింది. ఆ తర్వాత అదొక పద్ధతైపోయింది. ఏ ఊరికి ఆ ఊరు, మేమంటే మేమని దాచడంలో పోటీ పడ్డారు. నేను ఆపలేకపోయాను ఆశా."

"నేను సంతకం పెడుతుంటే పక్కనే ఉన్నారు. టీ పెట్టి ఇచ్చారు."

అతను తల వంచుకున్నాడు.

"మాస్టారికి తెలుసా?"

"లేదు." తల చటుక్కున ఎత్తాడు. "ఆయనకి తెలీదు. ఆయనకి చెప్పకు. ఆ మనిషి ఊరూరా మైకు పట్టుకుని మా సమాజం ఒక్క చుక్క డీజిలు తగలెయ్యదని చెబుతున్నారు. తెలిస్తే గుండాగిపోద్ది."

ఆ మాట నిజమేననిపించింది ఆమెకి. బడిలో ఉన్నప్పుడు ఒకసారి తను పక్కపిల్ల కాయితంలో పద్యం చూసి రాస్తే, మాస్టారు ఆ కాయితం చింపలేదు, కొట్టలేదు. ఆ రోజు అన్నం తినడం మానేశారు. అంతే. ఆ తర్వాత ఆ తరగతిలో ఎవరూ చూసి రాయలేదు. ఆ మనిషి కోసమే కదా కాలేజీ ఉద్యోగం వదులుకుని వచ్చింది.

"ఇవాళ మాత్రం ఆ మీట ముట్టుకోకండి," అంది లేస్తూ. "కరెంటు పోతే పోనివ్వండి. చీకటైతే కానివ్వండి. హెలెన్ మేడమ్‌తో నేను మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు?"

ఆమె అప్పటికే వేదిక ముందుకు నడిచింది. 

మాట్లాడే వీలెక్కడిది? హెలెన్ మేడమ్‌ని రత్నమాణిక్యంగారు కాజాల పళ్ళెంతో చుట్టుముట్టేసింది. మేడమ్ పాలకొల్లు మనిషే, ఈ మర్యాదలు ఎరగనిది కాదు, అయినా బయటపడలేకపోతోంది. ఆశాజ్యోతి దగ్గరికి వెళ్ళి, "మేడమ్, మీతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలండి" అంది. "తప్పకుండా, కానీ ముందు వేదిక పని కానిద్దాం, అప్పుడే పిలుస్తున్నారు" అంటూ ఆవిడ ఆశాజ్యోతి భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయింది. అప్పటికే పొద్దు వాలింది. బడి ఆవరణ నిండా జనం కూర్చుని ఉన్నారు. వేదిక మీద తెల్లటి దీపాలు వెలిగాయి, వెనక తెర మీద కాలవా, దానికి నీళ్ళు వదిలే లాకులూ నిగనిగలాడాయి. ఇవాళ్టి నాటకం పేరు ఆఖరాయకట్టు. కాలవ చివర నీళ్ళందని రైతుల కథ. మాస్టారిది లాకుల కాపలావాడి వేషం.

హెలెన్ మేడమ్ మైకు ముందు నిలబడింది. పక్కన ఆశాజ్యోతి.

"ఊళ్ళో పొలాలు ఎండిపోయినా మునిగిపోయినా ముందు తెలిసేది మీకు," అందావిడ. "ఎండలు ముదిరాయనీ, వానలు అదను తప్పాయనీ మీకు నేను చెప్పక్కర్లేదు. దానికి మా వంతు మేం తగ్గిస్తామని ఒక నాటక సమాజం ముందుకు రావడం చిన్న విషయం కాదు. ఈ అమ్మాయి చేసి చూపించింది. ఈమె రాసిన నివేదిక చూసి రేపట్నుంచి మిగతా సమాజాలు కూడా"

దీపాలు ఆరిపోయాయి.

మైకు మూగబోయింది. జనం ఒక్కసారి ఉస్సురన్నారు. ఆశాజ్యోతి చీకట్లో ఎడమపక్కకి తిరిగి చూసింది, దీపాల బల్ల వైపు. ముట్టుకోవద్దు, అనుకుంది. దేవుడా, ఆయన ముట్టుకోకుండా చూడు. ఏడాదిలో మొదటిసారి ఆమె చీకటి కోసం ప్రార్థన చేసింది.

దూరంగా తోటలో దబదబమని చప్పుడు మొదలైంది. దడి తెరిచి వచ్చిన పుణ్యమా అని ఇప్పుడది బాగా వినబడుతోంది. రెండు క్షణాలకి దీపాలు రెపరెపలాడి నిలబడ్డాయి. ముందువరసలో బుల్లిరాజుగారు తొడ మీద చెయ్యి చరుచుకోబోయి, ఆశాజ్యోతి మొహం చూసి ఆగిపోయాడు.

హెలెన్ మేడమ్ మైకు పక్కకి జరిపింది. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఏంటండీ ఆ చప్పుడు?"

"జనరేటరండి మేడమ్." జవాబు చెప్పింది శాంతికుమార్. దీపాల బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. "ఊరివాళ్ళు ముచ్చటపడి పెట్టారండి. మాకు తెలీదు. ఇదే మొదటిసారండి."

చెప్పాక అతను ఆశాజ్యోతి వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. ఒక్క తల ఊపు చాలు. ఊరు మాట్లాడదు, ఊళ్ళన్నీ మాటిచ్చి ఉన్నాయి. సంపూర్ణమ్మగారు మాట్లాడదు. నివేదిక నిలబడుతుంది, సమాజం నిలబడుతుంది, మొగుడు నిలబడతాడు. నరసాపురం వైపు ఎవరో, మొహాలు కూడా తెలియనివాళ్ళు, వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు.

హెలెన్ మేడమ్ ఆమె వైపు తిరిగింది. "అవునా ఆశాజ్యోతీ? ఇదే మొదటిసారా?"

"కాదండి," అంది ఆశాజ్యోతి.

మైకు దగ్గరే ఉంది. కరెంటు వచ్చిందిగా, మైకు కూడా లేచింది. ఆ మాట బడి ఆవరణంతా వినబడింది. "ప్రతి ఊళ్ళోనూ ఉందండి. నాకు ఇవాళే తెలిసింది. నేను రాసింది అబద్ధం. దాన్ని నమ్మి ఎవరూ జనరేటర్లు వదులుకోవద్దు."

 శాంతికుమార్ బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. ముందువరసలో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హెలెన్ మేడమ్ ఆశాజ్యోతినే చూస్తూ ఉండిపోయింది.

ఆశాజ్యోతికి ఆ క్షణంలో వీళ్ళెవరూ అక్కర్లేదు. కుడివైపు తెరచాటున మాస్టారు నిలబడి ఉన్నారు. మొహానికి సగం రంగు వేసుకుని, లాకుల కాపలావాడి ఖాకీచొక్కాలో. పడిపోతారేమో, పరిగెత్తి పట్టుకోవాలేమో అనుకుని ఆమె ఒక అడుగు అటు వేసింది.

మాస్టారు పడిపోలేదు. కుర్చీ వెతుక్కోలేదు. గుండె మీద చెయ్యి వేసుకోలేదు. మేకప్ గుడ్డతో చేతులు తుడుచుకుని, పక్కనున్నవాళ్ళతో నింపాదిగా అన్నారు.

"ఆ అమ్మాయిని కిందికి తీసుకెళ్ళండి. నాటకం మొదలుపెడదాం."

ఆ గొంతులో కోపం ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.